బావ ఎక్కిన చెక్కపెట్టె

జూన్ 3

బావా,

సామాన్ల లారీ ఎక్కి నువ్వూ అక్కా వెళ్ళి పదకొండు రోజులైంది. ఇంతవరకూ చర్చి కప్పు కూలలేదు. "నేను లేకపోతే ఏమైపోతుందో" అన్నావు కదా, అందుకని వారానికి రెండుసార్లు నిచ్చెనేసుకుని ఎక్కి చూస్తున్నా. పగులు కూడా లేదు. నీకు బాధగా ఉంటుందని తెలిసీ రాస్తున్నా.

కొత్త పాస్టరు గారు దిగాడు. మనిషి కాదు బావా, నిలువునా నిచ్చెన. గుమ్మం దాటేటప్పుడు తల వంచాల్సిందే, ఆయనకి ప్రార్థన అక్కడే మొదలు. మొన్న ఆదివారం ఇరవై నిమిషాల్లో ప్రసంగం ముగించి కూర్చున్నాడు. ఒక్కళ్ళు లేస్తే ఒట్టు. ఇంకా ముందుమాటే అయిందనుకున్నారు పాపం. నువ్వు చేసిన అలవాటు మరి.

అసలు సంగతికొస్తా. ప్రసంగం చెప్పేటప్పుడు ముందుండే పుల్పిట్ బల్ల ఆయనకి నడుం దాకే వస్తోంది, ఎత్తు పెంచమని సంఘ పెద్దలు నాకు చెప్పారు. ఊళ్ళో వడ్రంగిని నేనేగా. కొలతలకి వెనక్కి వెళ్ళి వంగితే ఎదురుగా మన పెట్టె! ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట నువ్వు మొదటిసారి పుల్పిట్ వెనక నిలబడిన రోజు గుర్తుందా? జనానికి నీ కనుబొమలు తప్ప ఏం కనపళ్ళేదు. ముందు వరసలో ముసలమ్మ "పాస్టరు గారు ఇంకా రాలేదా?" అని గట్టిగానే అడిగింది. ఆ సాయంత్రమే పాత చెక్కలు కొట్టి ఆ పెట్టె చేసిచ్చా. దానిమీదెక్కి నిలబడ్డాక నువ్వు పెద్దమనిషివయ్యావు. ఈ ముచ్చట నీకూ నాకూ అక్కకీ తప్ప నాలుగో మనిషికి తెలీదు. ఇప్పుడు చూస్తే పైపలక మీద నీ మడమలు నిలబడి నిలబడి రెండు గుంటలు పడ్డాయి. కుడిది ఎక్కువ లోతు. కోపమొస్తే కుడికాలే కదా నొక్కుతావు.

దీన్నేం చెయ్యమంటావు?

నీ కొత్త ఉద్యోగం ఎట్లా ఉంది? డాక్టరు మోకాళ్ళు చూసి గంటసేపు నిలబడొద్దన్నాడు సరే, నోటికేం చెప్పలేదు కదా! ఇక్కడ నీ మీద బెంగతో సంఘమంతా మూడు రోజులు అన్నం మానేసింది.

నీ పక్కటెముకలో ముల్లు,
బావమరిది

[చివర పెన్సిలుతో మేకు బొమ్మ]

---

జూన్ 10

ఒరేయ్ బావమరిదీ,

ఉత్తరం చేరింది. అన్నం మానేశారన్న చోట నా మనసు ఒక్క క్షణం నిజంగానే కరిగింది. ఆ తర్వాత మేకు కనపడింది. నువ్వు అప్పుడెప్పుడో పొరుగూరు పనికెళ్ళి చెయ్యి విరిగిందని రాస్తే మీ అక్క రెండు బస్సులు మారి వచ్చి, నువ్వు రెండు చేతులా పేకాడుతుంటే చూసింది చూడు, ఆ రోజు పెట్టిన షరతు మంచి షరతు. అబద్ధం రాస్తే చివర మేకు గీయాలి. ఇన్నేళ్ళలో నువ్వు తప్పకుండా పాటించిన నియమం ఇదొక్కటే.

ఇక్కడ ఆసుపత్రిలో నాకు వారానికి మూడు రోజులు పని. వార్డులో మంచం మంచానికీ వెళ్ళి రోగుల్ని పలకరించాలి. అంతే. మొదటి రోజే హెడ్ నర్సు నన్ను పక్కకి పిలిచి, "ప్రసంగాలు వద్దండి, వాళ్ళు చెప్పేది వినండి చాలు" అంది. ముప్ఫై ఏళ్ళకి పైగా సేవ చేసిన మనిషికి ఇది చెప్పాలా అనుకున్నాను. పద్నాలుగో నంబరు మంచం మీద ఒక దర్జీ ఆయన ఉన్నాడు, కడుపులో ఆపరేషన్ చెయ్యాలి. ఆయనకి ఓర్పు గురించి నాలుగే నాలుగు మాటలు చెప్పాను. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఐదో మాట దుప్పటికి చెప్పాల్సి వచ్చింది.

వార్డులో కుర్చీలు లేవు. మంచం మీద కూర్చుంటే హెడ్ నర్సు ఊరుకోదు. నిలబడితే నాకు మోకాళ్ళు, పడుకుని నన్ను చూడాలంటే వాళ్ళకి మెడలు. జీవితంలో మొదటిసారి జనం నన్ను తలెత్తి చూస్తున్నారు, అదీ మూలుగుతూ.

నవ్వకు. నాకు ఈ పని రాదేమోనని భయంగా ఉంది. మాట్లాడటం తప్ప నాకు ఇంకేం వచ్చు?

ఆ పెట్టె సంగతి మాత్రం ఎవరి చెవినా వెయ్యకు. షెడ్డులో దాచు. ఆగస్టు పదిన అప్పగింత ఆరాధనకి వచ్చినప్పుడు చూద్దాం. కొత్తాయన తలమీద చెయ్యి పెట్టి సంఘాన్ని అప్పగించాల్సింది నేనే కదా, తప్పకుండా వస్తాను.

నా గురించి ఎవరైనా అడుగుతున్నారా? ఊరికే అడిగాను.

దీవెనలతో,
బావ

తా.క. నువ్వు పంపే కవర్లు పారెయ్యను. చించి చీటీలు చేసుకుని మంచాల నంబర్లు రాసుకుంటున్నాను.

---

జూన్ 17

బావా,

అడుగుతున్నారా అంటావా? మొన్న ఆదివారం జరిగింది చెప్తా విను. సంఘమంతా నీ గురించే మాట్లాడుకుంది.

నిచ్చెన గారు ప్రసంగం మధ్యలో ఆగి, కిందికి వంగి, నేనింకా షెడ్డుకి చేర్చని మన పెట్టె పైకెత్తాడు. రెండు చేతులా పట్టుకుని అందరికీ చూపించాడు. "ప్రియమైన సంఘమా, మీ పెద్ద పాస్టరు గారి అసలు ఎత్తు ఎంతో తెలుసా? ఈ పెట్టె తీసేయగా మిగిలింది" అన్నాడు. నవ్వులే నవ్వులు. చిన్నపిల్లలు దానిమీద ఎక్కి నీలాగా వేలు చూపించి అరిచారు. ఒకావిడ కొలతల టేపు తెచ్చింది. పాటల బృందం వాళ్ళు పడీ పడీ నవ్వి పాట ఎత్తుకోలేకపోయారు. సంఘ పెద్దలు ఆ పెట్టెని గాజు అరలో పెట్టి, కింద నీ పేరు రాయించాలని తీర్మానం చేశారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఏం ఎరగనట్టు పైకప్పు చూశా.

రాయాల్సింది ఇంకా ఉంది గానీ కాగితం అంచుకొచ్చేసింది. మిగతాది కవరు వెనక చూడు.

బావమరిది

---

జూన్ 24

వడ్రంగి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. కవరు చదవకముందే చించి చీటీలు చేసేశాను. దాని వెనక ఇంకేం వెటకారం మిగిలిందో తెలుసుకోవాలన్న సరదా నాకు లేదు.

ఉత్తరం చివర మేకు ఉందేమోనని మూడుసార్లు చూశాను. లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ జనం పెళ్ళిళ్ళు చేశాను, వాళ్ళని పాతిపెట్టాను, వాళ్ళ పిల్లలకి పేర్లు పెట్టాను. చివరికి నవ్వుకోడానికి మిగిలింది ఒక పెట్టె. సంతోషం. కొత్త పాస్టరు గారికి విడిగా ఉత్తరం రాశాను. ఆగస్టు పదిన నేను రాను. సంఘాన్ని ఎవరు అప్పగిస్తారో వాళ్ళే చూసుకుంటారు, టేపు పట్టుకున్నావిడ ఉందిగా.

ఈ వారం కూడా ఆసుపత్రికి వెళ్ళాను. పద్నాలుగో మంచం దగ్గర నిలబడ్డాను, ఒక్క మాట అనలేదు. కాసేపటికి దర్జీ ఆయన దుప్పటి దించి, "ఇవాళ మీరు బాగున్నారండీ" అన్నాడు. తర్వాత ముప్పావుగంట ఆయనే మాట్లాడాడు. ఆపరేషన్ బల్ల మీద తనకేమైనా అయితే కూతురి పెళ్ళిబట్టలు సగం కుట్టినవి అలాగే ఉండిపోతాయట. అదీ ఆయన భయం. నేను తలూపాను. నా గొడవ నాకే ఉంది.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

ఇట్లు,
మీ అక్కగారి భర్త

---

జూన్ 29

బావా బావా బావా,

నన్ను "వడ్రంగి గారు" అనకు. నన్ను తిట్టు, గాడిదా అను, మీరు అని మాత్రం అనకు.

అదంతా ఉత్తుత్తిదే! ఎవడూ పెట్టె ఎత్తలేదు, ఎవడూ నవ్వలేదు. కాగితం మీద చోటు లేక మేకు కవరు వెనక గీశా. నువ్వు దాన్ని చీటీలు చేస్తావని రాశావు కూడా. ఐదో తరగతిలో బడి మానేసినోణ్ణి, రెండు సంగతులు ఒకేసారి గుర్తుండి చావవు.

నిన్న పొద్దున నిచ్చెన గారు షెడ్డుకొచ్చాడు. నీ ఉత్తరం చేతిలో ఉంది. "అన్నా, పెద్ద పాస్టరు గారికి నేను చేసిన తప్పేంటి?" అన్నాడు. తీసి చదివా. "నా ఎత్తు దేవుడిచ్చాడు, మీ ఎత్తూ దేవుడే ఇచ్చాడు. మీ బుద్ధి మాత్రం మీరే కష్టపడి సంపాదించుకున్నట్టున్నారు" అని రాశావు. భలే రాశావు బావా. ఇంకెవడికైనా రాసుంటే చప్పట్లు కొట్టేవాణ్ణి.

మొత్తం ఒప్పేసుకున్నా. పెట్టె, మేకు, కవరు, అన్నీ. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

"ఆ పెట్టె మొదటి ఆదివారమే చూశానన్నా" అన్నాడు.

"మరి చెప్పలేదే?"

"మీరు తీసేస్తారేమోనని. పైనుంచి జనాన్ని చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి. ఒక కాలు ఆ ఎడమ గుంటలో పెట్టుకుంటే ఆగుతాయి. అన్నేళ్ళు ఒక మనిషి నిలబడ్డ చోటు కదా."

ఇరవై నిమిషాల్లో ఎందుకు ముగిస్తాడో నాకప్పుడు తెలిసింది. వణుకు ఆగేది అంతసేపేనట.

"ఆయన నా తలమీద చెయ్యి పెట్టకుండా ఈ సంఘాన్ని నేను తీసుకోలేను. రానంటే నా పాత ఊరికి వెళ్ళిపోతాను" అన్నాడు. బెదిరించడానికి కాదు బావా, మామూలుగానే అన్నాడు. అదే నాకు భయమేసింది.

బావా, ఒక్క ముక్క రాయి ఆయనకి. నేను కవరు మీద గీసిన మేకు అచ్చం ఇట్లాగే ఉంటుంది, ఇదిగో, చూసుకో.

[చివర పెద్ద మేకు బొమ్మ]

నీ గాడిద

---

జూలై 5

వడ్రంగి గారికి,

మీ ఒప్పుకోలు ఉత్తరం చదివాను. కళ్ళు చెమర్చాయి. కాలు వణకడం, ఎడమ గుంటలో పెట్టుకోవడం, ఇంత చక్కగా అల్లగలరని అనుకోలేదు. తర్వాత కింద మేకు చూశాను. చాలా పెద్దది గీశారు. ధన్యవాదాలు.

మీ నియమం ప్రకారమే పోతే, మేకు లేని ఉత్తరం నిజం, మేకున్న ఉత్తరం అబద్ధం. నాకు ఇంకేం రాయకండి.

మీ అక్కగారి భర్త

ఒరే తమ్ముడూ, నేను అక్కని. ఈయన ఉత్తరం అంటించేలోపు రాస్తున్నా. నువ్వు నిజమే చెప్తున్నావని నా మనసుకి తెలుస్తోంది గానీ ఈయన నా మాట వినడు. ఆసుపత్రిలో మాత్రం అందరి మాటా వింటున్నాడట! హెడ్ నర్సు మెచ్చుకుంది. దర్జీ ఆయనకి గురువారం ఆపరేషన్, ఈయనకి అదొక్కటే ధ్యాస. నువ్వు కనపడితే చెవి మెలిపెట్టి చేతిలో పెడతా. నిజం రాసేటప్పుడు మేకు ఎవడైనా గీస్తాడా?

---

జూలై 9

బావా,

ఈ కాగితం రెండు వైపులా తిప్పి చూడు. కవరు కూడా. మేకు లేదు.

నిచ్చెన గారు పుస్తకాలు సర్దుకుంటున్నాడు. పెట్టెలకి మేకులు కొట్టమని నన్నే పిలిచాడు. వెళ్ళలేదు. సుత్తి పోయిందని చెప్పా.

ఒక్క మాట. ముప్ఫై ఏళ్ళుగా నిన్ను ఏడిపిస్తున్నా. వంటింట్లో ఏడిపించా, దారిలో ఏడిపించా, ఉత్తరాల్లో ఏడిపించా. పదిమంది ముందు నిన్ను తక్కువ చేశానా ఎప్పుడైనా? గుర్తుకు తెచ్చుకో. ఆ పెట్టె నేను చేసిందే నిన్ను ఎవరూ తక్కువగా చూడకూడదని.

అబద్ధానికి గుర్తుంది నాకు. నిజానికి ఏం గుర్తు గీయాలో తెలీదు.

బావమరిది

---

జూలై 13

ఒరేయ్ గాడిదా,

నీ ఉత్తరం రాకముందే నాకు తెలిసిపోయింది. ఎట్లాగో చెప్తాను.

గురువారం పొద్దున్నే దర్జీ ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆపరేషన్ గదికి తీసుకెళ్ళడానికి ఇంకా అరగంట ఉంది. ఆయన తలుపు వైపే చూస్తున్నాడు. కూతురు ఎన్నింటికి వస్తుందో నేను రాసుకున్న చీటీ చూపించాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి, "పాస్టరు గారూ, చీటీ వెనక ఈ మేకేంటండీ? సూది గీస్తే నాదనుకుందును" అన్నాడు.

లాక్కుని చూశాను. నీ పెన్సిలు మేకు. తల కొంచెం వంకర. దాని పక్కన సగం చిరిగిపోయిన అక్షరాలు, "అన్నీ కోతలే బావా, ఇక్కడ అందరికీ నువ్వంటే".. అక్కడికి చిరిగింది. తర్వాత ముక్క ఏ మంచం దగ్గర పారేశానో.

వార్డులో పగలబడి నవ్వాను రా. హెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది. దర్జీ ఆయన ఏంటి ఏంటి అంటూంటే చెప్పేశాను. పెట్టె సంగతి, కనుబొమల సంగతి, నా కోపం, అన్నీ. ముప్ఫై ఒక్క ఏళ్ళు దాచిన దాన్ని ముక్కూ మొహం తెలీని మనిషికి పది నిమిషాల్లో చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "పొట్టివాళ్ళని పొడుగ్గా చూపించడమేనండీ నా బతుకంతా. మీ ప్యాంటు కుట్టినవాడెవడో గానీ పని రాదు, రెండంగుళాలు మింగేశాడు." తోపుడు మంచం మీద కూడా నవ్వుతూనే లోపలికి వెళ్ళాడు. బాగైంది. నిన్న గంజి తాగాడు, ఇవాళ నా ప్యాంటు విప్పి ఇచ్చిపొమ్మంటున్నాడు.

కొత్త పాస్టరు గారికి క్షమాపణ రాశాను. నాలుగు కాగితాలు. మీ అక్క చదివి మూడు చింపేసింది. ఆగస్టు పదిన వస్తున్నాను.

నీ నిజానికి గుర్తు అక్కర్లేదు. అయినా నీ మీద కోపం పూర్తిగా పోలేదు, ఒకటి రెండు నెలలు ఉంచుకుంటాను.

ఆ పెట్టె నాకు పంపమని అడుగుదామనుకున్నాను. మంచం పక్కన వేసుకుని కూర్చుంటే సరిగ్గా వాళ్ళ ముఖాల ఎత్తుకి వస్తాను. కానీ ఆ అబ్బాయి కాలికి అది కావాలి. అతని దగ్గరే ఉండనీ. నేను నిలబడతాను లే, అలవాటేగా.

నీ బావ

---

ఆగస్టు 14

బావా,

నిన్ను బస్సెక్కించి వచ్చినప్పట్నించీ నవ్వుతూనే ఉన్నా. మా ఆవిడ నాకేదో అయిందంటోంది.

నువ్వు పుల్పిట్ ముందుకొచ్చి నిలబడి, "ముప్ఫై ఒక్క ఏళ్ళు మీ దగ్గర ఒక సంగతి దాచాను, క్షమించండి" అని పెట్టె బయటికి తీశావు చూడు, నేను బెంచీలోంచి లేచి నిలబడ్డా. అప్పుడు ముందు వరసలో, ఆనాటి ముసలమ్మ చోట్లో కూర్చున్న వాళ్ళ కూతురు, ఇప్పుడు ఆవిడా ముసలమ్మే, "అయ్యో, మాకు తెలుసు కదండీ పాస్టరు గారూ" అంది. "పుల్పిట్ కింద జానెడు సందుంది. మొదటి వారం నుంచీ మాకు మీ బూట్లూ పెట్టే కనపడుతూనే ఉన్నాయి. మీరు పడతారేమోనని మా అమ్మ ప్రసంగం అయ్యేదాకా ప్రార్థన చేసేది." వడ్రంగిని నేను, ఆ సందు నాకు కనపళ్ళేదు! ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నీతో అనలేదు ఇన్నేళ్ళూ. కవరు మీద నేను రాసింది అదే బావా, నీకు చిరిగిపోయిన ముక్క. ఇక్కడ అందరికీ నువ్వంటే అంత ఇష్టం అని.

నిచ్చెన గారు మోకాళ్ళ మీద కూర్చున్నా సరే, తలమీద చెయ్యి పెట్టడానికి నువ్వు మునివేళ్ళ మీద లేచావు. అది మాత్రం నేను చచ్చేదాకా చెప్పుకుంటా.

సరే, ఈ ఉత్తరంతో ఒక పార్సెలు వస్తోంది. ఆ పెట్టెని నిలువునా కోసేశాను, కంగారు పడకు. ఎడమ గుంట ఉన్న సగం నిచ్చెన గారికి. ఆయనకి ఒక్క కాలేగా కావాల్సింది. నిన్నటి ప్రార్థన కూటంలో నలభై నిమిషాలు మాట్లాడాడు, నీ జబ్బు అంటుకుంటోందేమో చూసుకోవాలి. కుడి గుంట ఉన్న సగానికి కొత్త చెక్క జోడించి, నాలుగు పొట్టి కాళ్ళు పెట్టి స్టూలు చేశా. ఎత్తు ఎంత ఉండాలో మీ హెడ్ నర్సుకి ముందే ఉత్తరం రాసి కనుక్కున్నా. ఆవిడ మంచం కొలిచి పంపింది. సగం నల్లగా, సగం తెల్లగా ఉంటుంది, రంగెయ్యలేదు. గుంట నీకు కొంచెం గుచ్చుకోవచ్చు. కోపమొచ్చి తొక్కిందంతా ఇప్పుడు కూర్చుని అనుభవించు.

గాయం మానక ఇంకా వార్డులోనే ఉన్నాడన్నావుగా, దర్జీ ఆయనకి నా వందనాలు చెప్పు. స్టూలు వేసుకుని మొదట ఆయన పక్కనే కూర్చో.

ఇంకొకటి. ఆ స్టూలుకి ఒక్క మేకు కూడా కొట్టలేదు. అంతా గాడి కోసి, జిగురు పెట్టి బిగించా. తిరగేసి చూసుకో.

నీ బావమరిది